ఖాలా పెదాలు, నా గొంతు

షార్ట్ ఫిల్ముల పోటీలో మా సినిమాకు రెండో బహుమతి వచ్చింది. ఆ షీల్డు ఇప్పటికీ కాలేజీలో, ప్రిన్సిపాల్ గది బయట అద్దాల బీరువాలో ఉంది. సర్టిఫికెట్ల పని మీద అటు వెళ్లాల్సి వస్తే తల తిప్పుకుని నడుస్తాను. చూశానంటే ఒళ్లు మండుతుంది.

డిగ్రీ చివరి ఏడాదిలో ఐదుగురం కలిసి తీశాం. పదకొండు నిమిషాల సినిమాకు ఐదుగురు డైరెక్టర్లు! ఎవరి మాటా ఎవరూ వినరు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతిదానికీ చేతులెత్తాలి, ఎక్కువ చేతులు ఎటుంటే అటు. కెమెరా ఎక్కడ పెట్టాలన్నా చేతులే, మధ్యాహ్నం బిర్యానీయా సమోసాలా అన్నా చేతులే. అదేదో గొప్ప ప్రజాస్వామ్యమని మురిసిపోయాం. పిరికివాళ్లు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదని అప్పుడు నాకు తెలియలేదు.

కథ ఒక దర్జీ తల్లిది, చదువు మానేస్తానన్న ఆమె కూతురిది. తల్లి వేషానికి మా గల్లీలో బ్లౌజులు కుట్టే ఖాలాను నేనే అడిగాను. ఖాలా అంటే పిన్ని. గల్లీ మొత్తానికీ ఆమె ఖాలాయే. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి వచ్చే గిరాకీతో కన్నడ. ఒక్కోసారి మూడూ ఒకే వాక్యంలో కలిపేసేది. పెళ్లిళ్ల సీజన్‌లో మూడు రోజులు కుట్టుమిషన్ ఆపి మా కోసం కూర్చుంది.

మూడో రోజు అసలు సీను. "చదువే వెలుగమ్మా" అంటూ తల్లి కూతురికి నచ్చజెప్పాలి. ఆ డైలాగు రాసిన ఘనత నాదే, తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఖాలా కాగితం పక్కన పెట్టేసింది. కూతురి వేషం వేసిన మా క్లాసు అమ్మాయిని చూస్తూ తన మాటలు తను మాట్లాడింది.

"టెన్త్ కాంగనే నిన్ను బంద్ చేపిచ్చిన బేటీ. నలుగురు ఏమంటరో అని భయపడ్డ. నువ్వు ఏడ్సుకుంట బుక్కులు కట్టగట్టినవు, నేను జర గూడ ఆలోచన చెయ్యలే. గల్తీ నాది. మాఫ్ చెయ్యి."

ఆమె తన కూతురిని నిజంగానే పదో తరగతితో మాన్పించిందని గల్లీ అంతటికీ తెలుసు. ఆ కూతురు ఇప్పుడు పెళ్లై రాయికోడ్‌లో ఉంటోంది. షాట్ అయ్యాక ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

"ఈ మాట సినిమాల ఉంటది గద? దాని మొకం సూసి చెప్పనీకి ఇన్నేండ్లు నాకు నోరు రాలే. దాన్ని పిలిపిస్త, ఇంటది."

"ఉంటది ఖాలా. ఫికర్ చెయ్యకు," అన్నాను.

ఎడిటింగ్ దగ్గర మొదలైంది గోల. "ఈ భాష జడ్జీలకు అర్థమైతదా? కామెడీ అనుకుంటరు," అన్నాడొకడు. "హైవే మీద లారీల హారన్లు గూడ పడ్డయి, డబ్బింగ్ చేద్దాం," అంది ఇంకో అమ్మాయి. అందరం జహీరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లమే. మా అమ్మలు ఇంట్లో మాట్లాడేదీ ఇంచుమించు అదే. బయటివాళ్లు వింటారనేసరికి నామోషీ ముంచుకొచ్చింది, సిగ్గులేని మొహాలకు! చేతులెత్తమన్నారు. నాలుగు లేచాయి. ఐదోది నాది, అదీ లేచింది. పైగా అమ్మాయిల్లో నా ఉచ్చారణే శుభ్రంగా ఉంటుందని పొగిడితే పొంగిపోయి, బయటి చప్పుడు పడకుండా తల మీదుగా దుప్పటి కప్పుకుని, ఆమె మాటలున్న చోట నా కాగితం డైలాగు చదివాను. పెదాలు కలవని చోట మిషన్ చక్రం చూపించాం. షూటింగ్ చేసిన ఫోను నిండిపోయిందని అసలు రికార్డింగు చెరిపేశాం. దానికీ చేతులెత్తాం.

కాలేజీ సెమినార్ హాల్లో పోటీ ప్రదర్శన రోజు ఖాలా కూతురిని పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ సీను వచ్చింది. తెర మీద ఆమె పెదాలు కదిలాయి, నా గొంతు పలికింది. హాలంతా చప్పట్లు. కూతురు కూడా సంబరంగా కొట్టింది. ఖాలా ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అక్కడే తిట్టిపోసినా బాగుండేది.

మర్నాడు మావాళ్లతో గొడవ పెట్టుకున్నాను. "ప్రైజ్ వచ్చింది గద, ఇంకేం గావాలె నీకు?" అన్నాడు ఎడిటింగ్ చేసినవాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ చదివిన గొంతు నాది, ఏ మొహంతో కొట్టను?

నేరుగా ఖాలా ఇంటికి వెళ్లాను. కూతురు ఇంకా అక్కడే ఉంది, తల్లి పక్కన కూర్చుని బ్లౌజుకు హుక్కులు కుడుతోంది. షూటింగ్ రోజు ఖాలా అన్న మాటలు నాకు ఒక్కటి పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అక్కా, సినిమాల నువ్విన్నవి ఖాలా మాటలు కావు. ఆమె అన్నవి వేరే ఉన్నయి, నేను చెప్త," అని మొదలుపెట్టాను.

ఖాలా మిషన్ ఆపింది.

"నువ్వు చెప్పకు," అంది. "మల్ల నీ గొంతుతోనేనా?"

కూతురు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమైంది అమ్మీ?" అని అడిగింది.

"ఏం లే బేటీ. హుక్కులు కుట్టు," అని ఖాలా మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.