నువ్వుల మీద పడిన నింద

మిక్సీ జార్ కడగలేదన్న ముక్క ఆ రోజు దవాఖానలో నేను చెప్పలేదు. మా వదిన ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగితే, "నువ్వుల సద్ది" అని ఊరుకున్నాను.

వదినకు పల్లీలు పడవు. పెళ్లైన కొత్తలోనే చెప్పింది. 'పడదు' అనే మాట మేము వంకాయకూ వాడతాం, అత్తాకోడళ్లకూ వాడతాం. అందులో ప్రాణాపాయం ఉంటుందని నాకు తోచలేదు. నఖరాలనుకున్నాను. సద్దుల బతుకమ్మ నాడు, బతుకమ్మకు నైవేద్యం పెట్టి అందరూ పంచుకునే సద్దులకు పొడులు నేనే పట్టాను. ముందు పల్లీలు, తర్వాత అదే జార్‌ను గుడ్డతో తుడిచి నువ్వులు, బెల్లం.

"మరిదీ, జార్ కడిగినవా?"

"కడిగిన తియ్యి. నీ ఫికర్ నీది."

ఆ పొడి తిన్న కాసేపటికే ఆమె పెదవులు వాచాయి, ఊపిరి అందలేదు. సమయానికి ఇంజెక్షన్ పడింది కాబట్టి బతికింది. నా మాట నమ్మి డాక్టరమ్మ నువ్వులు కూడా మానేయమంది.

వదినకు నువ్వుల సద్ది మహా ఇష్టం. ఆ తర్వాత ప్రతి బతుకమ్మకూ వాడంతా సద్దులు పంచుకుంటుంటే, ఆమె తన పెరుగన్నం డబ్బా తెచ్చుకునేది. "సద్ది ముట్టని కోడలు" అని మా మేనత్త ఎత్తిపొడిస్తే, "నా వంతు గూడ నువ్వే తిను అత్తమ్మా, జర బలమొస్తది" అని నవ్వేది. ఆ నవ్వును ఇప్పటికీ మెచ్చుకుంటాను, దాని ముందు తల దించుకునే.

ఈ మధ్య కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా అన్న ఆమెను అలర్జీ డాక్టరుకు చూపించాడు. తిరిగొచ్చి అన్నం తింటూ వదిన చెప్పింది:

"ఒంట్ల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటయట. ఆ కబురు మోసేటియి సైటోకైన్లట. పల్లీ దుష్మన్ అని ఎప్పుడో తప్పు కబురు పోయింది. అది నమ్మి ఇంకో రకం కణాలు యాంటీబాడీలు తయారుచేసి పెట్టినయి. ఇగ జరంత తగిలినా యుద్ధమే."

"ఎంత మొండి ఒళ్లు వదినె నీది."

"మొండిది కాదు, కావలి కాస్తాంది పాపం. కబురే తప్పైతే అదేం చేస్తది?"

తన ప్రాణం మీదికి తెచ్చిన ఒంటిని కూడా ఆమె ఒక్క మాట అనలేదు. కూర వడ్డిస్తూ మళ్లీ అంది:

"పరీక్షలల్ల నువ్వులకు ఏం రాలే. ఆడనే కొంచెం తినిపించి గూడ చూసిండ్రు. మరి ఆ రోజు నాకెందుకట్లయింది మరిదీ?"

చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాను.

"నేను జార్ కడగలే వదినె. తుడిచిన, అంతే. నువ్వడిగితే అబద్ధం చెప్పిన. డాక్టరమ్మకు గూడ చెప్పలే. ఇన్నేండ్లు నీ నోటికాడి సద్ది నేనే గుంజుకున్న. నన్ను మాఫ్ చెయ్యి."