టర్బో కోసం పొట్టేలు పళ్లు లెక్కపెట్టిన రోజులు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆ రోజుల్లో మా దగ్గర అన్నీ కొత్తవే. బండ్ల మీద నంబరు ప్లేట్లు కొత్తవి, ఆఫీసుల మీద బోర్డులు కొత్తవి, నా మూతి మీద మీసం కొత్తది, జేబులో డ్రైవింగ్ లైసెన్సు ఇంకా కొత్తది. నేను కొన్న కారు ఒక్కటే పాతది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇద్దరిలో (అంటే నాలోనూ, కారులోనూ) కాస్త బుద్ధీ నిలకడా ఉన్నది కారుకే. కానీ ఇరవై మూడేళ్ల వయసులో ఆ మాట ఎవరైనా చెబితే వినే చెవులు నాకు లేవు. నా చెవుల నిండా అప్పుడు ఒక్కటే మాట మోగుతుండేది: టర్బో.

నల్లగొండలో ఒక విత్తనాల దుకాణంలో నాకు పని. కేతేపల్లి పక్కనుండే మా ఊరి నుంచి రోజూ బస్సులో పోయి రావడం. దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లో ఇంజన్ల వీడియోలు చూసేవాణ్ని. అట్లా చూసీ చూసీ నాకు తెలిసిన సంగతేమిటంటే, పాత డీజిల్ ఇంజన్లు గట్టివి, కానీ నెమ్మదివి. వాటికి టర్బో అనే చిన్న యంత్రం బిగిస్తే ఇంజను వదిలే పొగతోనే లోపలొక పంకా తిరుగుతుంది, ఆ పంకా ఇంజనులోకి గాలిని దండిగా కుక్కుతుంది, ఇక బండి చిరుతలాగా ఉరుకుతుంది. పాత కారు చవగ్గా కొని దానికి టర్బో బిగించి హైవే మీద కొత్త కార్ల పొగరు అణచాలి. ఇదీ నా జీవితాశయం. ఇంట్లో వివరించి చెబితే మా అవ్వ, "వదిలిన గాలే మళ్ల తాపుతరా? థూ" అని మొహం తిప్పుకుంది. మా బాపు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "కొలిమికి తిత్తి లెక్క అన్నట్టు" అన్నాడు. నలభై వీడియోలు చూస్తే నాకెక్కిన సంగతి ఆయనకు ఒక్క మాటతో ఎక్కింది.

బాపు గొర్ల మంద మనిషి. బడి మొహం ఎరగడు. కానీ గొర్రెను తాకి దాని వయసు, రోగం, అది రేపు మేస్తుందా మేయదా అన్నదీ చెప్పగలడు. కారు కొనడానికి హుజూర్‌నగర్ పోదామంటే భుజాన గొంగడి, చేతిలో కట్టెతో బయలుదేరాడు. కారు అమ్మేది ఒక రిటైరైన సారు. పాపం ఆయన ఇంజను గురించి ఇంగ్లీషులో చెబుతుంటే బాపు కారు చుట్టూ తిరిగి, దాని వీపు నొక్కి, చక్రాలను గిట్టలు చూసినట్టు చూసి, బానెట్ ఎత్తించి లోపలికి తొంగి చూశాడు. తర్వాత ఇంజను నడుస్తుండగా గాలి పీల్చే గొట్టం ఎక్కడుందో నన్నడిగి, దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోబోయింది. చెయ్యి తీశాడు, మళ్లీ అందుకుంది. సారుకు నవ్వాగలేదు. "పెద్దాయనా, అది కారు, గొర్రె కాదు" అన్నాడు. బాపు చాలా మర్యాదగా, "ఊపిరి పీల్చేది ఏదైనా ఒక్కటే సారూ" అన్నాడు. సారు మరి నవ్వలేదు. పక్కకు వచ్చి నా చెవిలో, "దమ్మున్న బండి, తీస్కో" అన్నాడు బాపు. నేను రెండు మూడేళ్లుగా దాచుకున్న జీతం, దానికి తోడు బాపు అమ్మిన గొర్రెపిల్లల సొమ్ము కలిపి కారు మాదైంది.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ నాది. పక్క సీట్లో బాపు, ఆయన మోకాళ్ల మధ్య కట్టె. సూర్యాపేట దారిలో ముందొక పత్తి ట్రాక్టరు, రోడ్డంతా తనదే అన్నట్టు పోతున్నది. నాకు ఓపిక పట్టలేదు. మలుపని కూడా చూడకుండా పక్కకు తీసి తొక్కాను. ఎదురుగా లారీ. ఆ రెంటికీ నడుమ మా కారు ఎట్లా దూరిందో నాకు ఇవాళ్టికీ తెలియదు, పత్తి పోగులు మాత్రం కిటికీలోంచి వచ్చి నా నెత్తి మీద పడ్డాయి. నేను విజయగర్వంతో బాపు వైపు చూశాను. ఆయన కట్టెను రెండు చేతులతో పట్టుకుని ముందుకు చూస్తున్నాడు. తిట్టలేదు. ఇంటికి వచ్చాక చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగి, "టర్బో పెడితే ఇంకింత ఉరుకుతదా?" అని అడిగాడు. "దీనికి రెండింతలు బాపూ!" అన్నాను. "ఆహా" అన్నాడు. నాకన్నా ఆయనకే ఎక్కువ సంబరంగా ఉన్నట్టుంది అనుకున్నాను. (అంత తెలివిగల కొడుకును నేను.)

తెల్లారి నేను లేచేసరికి బాపు కారును శుభ్రంగా కడిగి పెట్టాడు. ముసలాయనకు బండి మీద ఎంత ప్రేమ అని మురిసిపోతూ దుకాణానికి బయలుదేరాను. కారు నలభై దాటలేదు. ఎంత తొక్కినా అంతే, వెనక నల్లటి పొగ మాత్రం బస్సుకు సరిపడా. మర్నాడు బాపును ఎక్కించుకుని, నకిరేకల్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బాపుకు చిన్ననాటి దోస్తు, డీజిల్ పంపులు బాగుచేయడంలో పేరు పడ్డాడు గనక అందరూ పంపు మామ అనేవారు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, ఒక కొస చెవికి ఆనించి చాలాసేపు విని, డాక్టరు లెక్క నిట్టూర్చి, "అల్లుడా, దమ్ము తక్కువున్నది" అన్నాడు. వెంట వచ్చిన బాపూ అదే మాటన్నాడు, "ముసలి బండి గద". ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా బాధ చూసి వాళ్లకూ బాధగా ఉందనుకున్నాను. నేనైతే లోలోపల ఎగిరి గంతేశాను. దమ్ము లేదంటే మందు టర్బోనే కదా!

హైదరాబాదులో విరిగిన బండ్ల నుంచి మంచి టర్బో ఒకటి తెప్పిస్తానన్నాడు పంపు మామ. ధర విని నా జేబు తడుముకున్నాను. మా ఇంట్లో అంత ధర పలికేది ఒక్కటే ఉంది. దాని పేరు సర్పంచి. మందకు ముందు నడిచి, నీళ్ల దగ్గర పంచాయితీలు చేసి, ఎవరి మాటా వినని పొట్టేలు గనక ఆ పేరు పెట్టింది మా అవ్వ. నేను నాలుగు రోజులు అన్నం మీద అలిగాను. ఐదో రోజు బాపు, "సరే, అమ్ముదాం" అన్నాడు. "కానీ దానికిప్పుడు రెండు పళ్లే. నాలుగు పళ్లు పడనీ. అప్పుడైతే టర్బోకు సరిపోను వస్తది." గొర్రెకు పాలపళ్లు ఊడి జతలు జతలుగా పెద్ద పళ్లు వస్తాయనీ, కొనేవాడు మొదట నోరు తెరిచి ఆ పళ్లే చూస్తాడనీ నాకూ తెలుసు. రెండో జతకు ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. "దాని ఇష్టం" అన్నాడు.

ఇక చూడండి నా అవస్థ. ప్రతి ఆదివారం సర్పంచిని పట్టుకుని పెదవి ఎత్తి పళ్లు చూడటం నా పని, నన్ను పొడవటం దాని పని. మొదటి నెల ఎడమ మోకాలు, రెండో నెల కుడి మోకాలు, మూడో నెల ఎక్కడ పొడిచిందో చెప్పుకోలేను, వారం పాటు దుకాణంలో నిలబడే పని చేశాను. చివరికి బెల్లం ముక్క, మొక్కజొన్న గింజలు లంచం పెట్టడం నేర్చుకున్నాను. లంచం మరిగిన సర్పంచి నా కారు చప్పుడు వింటే చాలు, మందను వదిలి ఎదురు వచ్చేది. నోరు తానే తెరిచేది.

కారు మాత్రం నలభై. చలికాలం గడిచింది, ఎండాకాలం వచ్చింది, నలభైయే. హైవే మీద అన్నీ నన్ను దాటి పోయేవి. ఒకసారి కోళ్ల వ్యాను దాటింది, అందులోని కోళ్లు కూడా నా వంక అదోలా చూశాయి. ఊళ్లో నా పేరు పోయి 'నలభై' మిగిలింది. "నలభై వచ్చిండా?" "ఇంకా రాలే, ఇప్పుడే నకిరేకల్ దాటినట్టుండు." కూరగాయల గంపలతో రోడ్డు పక్క నిలబడే ముసలమ్మలు మాత్రం ఆటోలను వదిలేసి నాకే చెయ్యెత్తేవాళ్లు. నీ బండైతే గుండె దడ ఉండదు కొడుకా అని వాళ్లు దీవిస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. వేరే పని లేక రోడ్డును చూడటం మొదలుపెట్టాను. ఏ గుంత ఎక్కడుందో, ఏ సందులోంచి సైకిలు వస్తుందో, ఏ మలుపు అవతల వాన నీళ్లు నిలుస్తాయో నాకు తెలియకుండానే నోటికి వచ్చేసింది.

వానాకాలం మొదట్లో ఒక శనివారం బాపును నల్లగొండ దవాఖానలో మోకాళ్లు చూపించి తీసుకొస్తున్నాను. ఆయన నిద్రపోతున్నాడనుకున్నాను. ఒకచోట రోడ్డు పక్క గడ్డి మీద ఒక్క మేక కనిపించింది. నేను బ్రేకు మీద కాలు పెట్టి బండిని దాదాపు ఆపేశాను. బాపు కళ్లు తెరిచి, "రోడ్డు మీద ఏం లేదు గద, ఎందుకాపినవ్?" అన్నాడు. "మేక కనవడ్డది. ఎనుక మంద ఉంటది గద" అన్నాను. అంటుండగానే కట్ట వెనక నుంచి నలభై యాభై గొర్లు బిలబిలమంటూ రోడ్డెక్కాయి, వాటి వెనక పరుగెత్తుకుంటూ కాపరి. అన్నీ దాటేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. బాపు గొంగడి సర్దుకుని ఈసారి నిజంగానే నిద్రపోయాడు, గురక కూడా పెట్టాడు.

ఆ మర్నాడే సర్పంచిని చూడటానికి బేరగాడు వస్తానన్న రోజు. నాలుగు పళ్లూ వచ్చాయి. తెల్లగా, ఎంత ముద్దుగా ఉన్నాయో! ఎనిమిది నెలలు వాటి కోసం ఎదురుచూసినవాణ్ని, చూసి ఏడుపొచ్చింది. బేరగాడు వచ్చి దాని వీపు మీద చెయ్యి వేశాడు, అది మెడ తిప్పి నా వైపే చూస్తున్నది. అక్కడ నిలబడలేక, టర్బో సంగతి పంపు మామకు చెప్పి వస్తానని కారెక్కాను. ఊరు దాటి కాస్త తొక్కానో లేదో కారు ఒక్కసారి ముందుకు దూకింది. యాభై. అరవై. డెబ్బై. పొగ లేదు, ఏమీ లేదు. చిత్రమేమిటంటే అక్కడ నా కాలు దానంతట అదే పైకి లేచింది. ముందొక సందు ఉంది, అందులోంచి సైకిళ్లు వస్తాయి. బండి తిప్పుకుని ఇంటికి వచ్చి, "అమ్మొద్దు బాపూ, బండికి దమ్మొచ్చింది!" అని అరిచాను. "ఎట్లొచ్చిందో?" అన్నాడు బాపు, మొహంలో నవ్వన్నది లేకుండా. పంపు మామను అడిగితే, కొన్ని ఇంజన్లు ఎనిమిది నెలలు నలభై మీద నడిపితే 'తెరుచుకుంటయి' అని చెప్పాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, దుకాణానికి వచ్చిన రైతులకు ఏళ్ల తరబడి చెప్పాను కూడా. సర్పంచి ముసలిదై, నా చేతి బెల్లం తింటూ మా మందలోనే పోయింది.

అసలు సంగతి బయటపడింది పోయినేడు వానల్లో. ఆ కారు ఎప్పుడో పక్కన పడింది, దాంట్లో ఇప్పుడు కోళ్లు గుడ్లు పెడతాయి. నా బిడ్డకు ఆరేళ్లు. గొర్ల దొడ్డి దగ్గర ఉండగా జల్లు పడితే బాపు తన గొంగడి దాని మీద కప్పాడు. అది లోపలి నుంచే, "తాతా, నీ గొంగట్ల కారు వాసనొస్తాంది" అన్నది. నేను నవ్వి వాసన చూశాను. గొంగడి ఒక మూల అరచెయ్యంత ముక్క వేరుగా ఉంది, కోసి మళ్లీ నల్లదారంతో కుట్టినట్టు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు, దుమ్ము, పంపు మామ షెడ్డు. కారు కొన్న ఏడాది చలికాలమంతా ఆ మూల చిరిగే ఉండటం నేను చూశాను. ఎలుక కొరికింది అన్నాడప్పుడు.

బాపు వైపు చూశాను. ఆయన గొర్లను లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాడు. అటు చూస్తూనే అన్నాడు:

"ఆ దినం లారీ నడుమ దూరినవ్ సూడు. నాకు పానం పోయినట్టైంది. నీకు చెప్తే ఇనే వయసు గాదు నీది. బండికి చెప్పిన. అది ఇన్నది."

"మరి సర్పంచిని అమ్ముతుంటివి గద!"

"ఎవడమ్ముతడురా దాన్ని? ఆ వచ్చినాయిన మీ పంపు మామ బామ్మర్ది."

ఒక నిమిషం మండిపోయింది నాకు. ఎనిమిది నెలల నలభై! కోళ్ల వ్యాను! నా రెండు మోకాళ్లు! రైతులకు నేను చెప్పిన ఇంజను శాస్త్రం! తర్వాత ఆ కుట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. ఆ గొంగడిలోంచి ఒక్క పోగు లాగితే ఊరుకునే మనిషి కాదు ఆయన. దాన్ని కత్తెరతో కోసి నా కారు ముక్కులో కుక్కి, ఆ చలికాలమంతా చిల్లు గొంగడి కప్పుకుని మంద వెంట తిరిగాడు. అంత పెద్ద మెకానిక్‌ను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నేను నడిపే కారుకు కంపెనీలోనే టర్బో పెట్టి ఇచ్చారు. నేను అరవై దాటను, మా ఇంటావిడ ఎడ్లబండి అంటుంది. నా బిడ్డకు మొన్న చిన్న సైకిలు కొన్నాం. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు బుడ్డ చక్రాలుంటాయి కదా, అవి తీసెయ్యమని రోజూ ఒకటే పోరు, దాని దోస్తులందరూ తీసేశారట. పొద్దున కూడా అడిగింది. పానా కనిపిస్తలేదు బిడ్డా, దొరకంగనే తీస్త అన్నాను. అరుగు మీద కూర్చున్న బాపు నా అంగీ జేబు వంక చూశాడు. పానా బరువుకు జేబు ఒకపక్కకు వేలాడుతున్నది. చూసి, గొంగడి సర్దుకుని, మనవరాలితో, "దొరుకుతది తియ్యి, మీ నాయినకు జర టైం పడతది" అన్నాడు.