రోసమ్మ కిటికీ

బంగాళాదుంప తురుము వేడి నూనెలో పడి చుర్రుమనగానే, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా వంటగదిలోకి రోసమ్మ వచ్చేస్తుంది. అంచులు ఎర్రబడే ఆ వాసనకు ఈ వయసులోనూ నా నడుము దానంతటదే నిటారవుతుంది.

ఆమె పేరు రోజా. మా నాన్న నోట రోసమ్మ అయింది. యూదురాలు. ఐరోపాలో యుద్ధం భర్తనూ ఇద్దరు అక్కలనూ మింగేశాక, ఓడెక్కి మలాయి దేశపు దీవి పట్నం జార్జ్ టౌన్ చేరి గౌన్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో పుట్టిన నేను ఇరవయ్యో ఏట ఆమె దగ్గర కుట్టుపనికి చేరి, దుకాణం పైగదిలోనే ఉండేదాన్ని. ఇద్దరికీ కలిసిన భాష బజారు మలాయే. నా కుట్టు వంకరపోతే అక్కడికక్కడే విప్పించేది. "భయపడుతూ కుట్టావు. మళ్ళీ కుట్టు" అనేది.

1957, మెర్డెకా వచ్చిన ఏడాది డిసెంబరు అది. స్వాతంత్ర్యం వచ్చింది గాని, అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ పోలేదు. దారుల్లో తనిఖీలు, మనుషుల్లో అనుమానాలు అలాగే ఉన్నాయి. రోసమ్మ తన హనుక్కా పండుగకు వీధివైపు కిటికీలో దీపాలు పెట్టింది. ఎనిమిది రోజుల పండుగ; రోజుకో దీపం పెరుగుతుంది. మూడోనాటి సాయంత్రం ఎవరో రాయి విసిరారు. కిటికీ అద్దాల్లో ఒకటి పగిలింది. మర్నాడు ఇంటి యజమాని వచ్చి, దీపాలు లోపలెక్కడైనా పెట్టుకోమన్నాడు. ఆ రోజే నన్ను చూద్దామని ఫెర్రీలో వచ్చిన నాన్న, గాజుపెంకులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటిది? మూట కట్టీ, ఎల్పోదాం."

"నాను రాను నాన్నా."

"రాళ్ళేసినారే! నీకేటైనా అయితే మీ అమ్మకేటి సెప్పేది?"

మా తెలుగు రాకపోయినా రోసమ్మకు సంగతి అర్థమైంది. నాన్నవైపు తిరిగి మలాయిలో నెమ్మదిగా చెప్పింది. "మా ఊళ్ళో మేము తెరలు దించుకున్నాం. దీపాలు దాచుకున్నాం. అయినా పట్టుకుపోవడానికి వచ్చి తలుపు కొట్టారు. ఇక దాచను."

నాన్న గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చున్నాడు. 

ఆమె నా చేతికి తురుముపీట ఇచ్చి, "ఇవాళ నా కుటుంబం మీరే" అంది. వేలి కణుపులు గీసుకుపోయేదాకా తురిమాను. లైనింగు గుడ్డలో వేసి నీరు పిండి, ఉల్లిపాయ, గుడ్డు, ఉప్పు, కాస్త మైదా కలిపి నూనెలో చిన్న అట్లలా వేయించాం. వాటిని లాట్కెలు అంటారట. ఆమె చూడకుండా పచ్చిమిరప ముక్కలు కలిపేశాను. రోసమ్మ ఒకటి కొరికి, "మా అమ్మ చూస్తే చంపేసేది" అని, ఇంకొకటి తీసుకుంది.

చీకటి పడుతుండగా అదే కిటికీలో నాలుగు దీపాలు వెలిగించింది. పగిలిన అద్దంలోంచి గాలి కొట్టి ఆర్పేసింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయాయి. మూడోసారి అగ్గిపుల్ల గీసింది. అప్పుడు నాన్న లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి, పగిలినచోట అడ్డం పట్టుకుని, మొహం వీధికి కనబడేలా నిలబడ్డాడు.

"ఏసీవోణ్ణి ఎయ్యనీ. సూద్దాం."

దీపాలు కొండెక్కేదాకా అక్కడే నిలబడి, నేను నోటికందించిన లాట్కెలు తిన్నాడు. ఆ సాయంత్రం రాయి పడలేదు.

రోసమ్మ పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేను రాజధానికి వచ్చి, ఇక్కడ బ్రిక్‌ఫీల్డ్స్‌లో సొంతంగా కుట్టు దుకాణం తెరిచి, బోర్డు మీద నా పేరు తెలుగులోనూ రాయించాను. మనవాళ్ళలోనే ఒకాయన వచ్చి, ఇక్కడి మాటతీరులో 'లా' తగిలించి, "ఈడ తెలుగు ఎవులు సదువుతారు లా? తీయించీ" అన్నాడు.

మర్నాడు పెయింటరుని పిలిచి, తెలుగు అక్షరాలు రెండింతలు చేయించాను.