రెండో కౌబాయ్

జీడిపప్పు మీద పొట్టు తీసే పనిలో చేతులకు తీరిక ఉండదు గానీ నోటికి పనుండదు. పలాసలోని ఆ ఫ్యాక్టరీ షెడ్డులోకి ఫోన్లు రానివ్వరు. పొట్టు ఎగురుతుందని ఫ్యానూ వెయ్యరు. ఆడవాళ్లు వరసలుగా కింద కూర్చుంటారు. ముందు ట్రే, చేతిలో చిన్న చాకు. గోరుతో ఊడేది గోరుతో తీస్తారు, మొండికేసింది చాకుమొనతో తీస్తారు. గట్టిగా నొక్కితే గుండు పప్పు రెండు బద్దలై ధర పడిపోతుంది కాబట్టి కళ్లు పప్పు మీదే ఉండాలి. ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. అందుకే అక్కడ ఎవరో ఒకరు కథ చెప్పడం ఎప్పటినుంచో అలవాటు. ఒకప్పుడు ముందురోజు చూసిన సీరియల్ చెప్పుకునేవారు. విజయకుమారి చెప్పడం మొదలుపెట్టాక సీరియళ్లు ఎవరికీ ఆనలేదు.

విజయకుమారిది సుమ్మాదేవి దగ్గర పల్లె. టెక్కలిలో ఇంటర్ చదువుతూ ఇంగ్లీషులో తప్పి చదువు ఆపేసింది. పెళ్లయ్యాక ఆ ఇంగ్లీషునే ఫోన్లో పుస్తకాలు చదివి తనంతట తాను నేర్చుకుంది. తెలియని మాట దగ్గర ఆగేది కాదు. ముందుకు పోతే ఆ మాటే ఇంకోచోట ఎదురై అర్థం చెబుతుందని ఆమె పద్ధతి. భర్త సూర్యప్రకాష్ కొబ్బరికాయల లారీ నడుపుతాడు. "మా ఇంటిది ఇంగ్లీసు పుస్తకం తప్ప ముట్టదు" అని టీకొట్ల దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది. ఎందుకంటే ఆ పుస్తకాల్లో ప్రేమించుకునేది ఇద్దరు మగాళ్లు.

మొదటిది తెలియక తెరిచింది. అట్ట మీద టోపీలు పెట్టుకున్న మనుషులిద్దరు, వెనక ఒక గుర్రం. తుపాకులు పేలే కౌబాయ్ కథ అనుకుంది. సగానికి వచ్చాక సంగతి అర్థమై ఫోన్ బోర్లా పెట్టి, వెళ్లి బియ్యం కడిగింది. అన్నం ఉడికేలోగా మళ్లీ తీసింది.

తర్వాత అలాంటివే వెతికి చదివింది. అన్నీ మంచివి కావు. కొన్నిటిలో టోపీ, బూట్లు, గుండీలు విప్పిన చొక్కా తప్ప ఇంకేమీ ఉండదు. రెండో అధ్యాయం దాటితే ఆ గుర్రానికి మేత వేసే దిక్కు కూడా ఉండదు. అలాంటివి మర్నాటికి పేర్లతో సహా మరిచిపోయేది. మనసులో నిలిచిపోయినవి వేరు. వాటిలో కంచె తీగ ఎలా లాగి బిగిస్తారో ఉంటుంది, కాలు నొచ్చిన గుర్రాన్ని ఎలా నడిపిస్తారో ఉంటుంది. ఆ ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. ఒకడి మీద ఒకడికి ఏముందో చేసే పనిలో తెలిసిపోతుంది. భయం కూడా అలాగే తెలుస్తుంది. కొట్టంలో పక్కపక్కన పడుకునే మనుషులు, ఊళ్లో దుకాణానికి వెళ్లినప్పుడు ముఖాలు తెలియనట్టు చెరో మూల నిలబడతారు.

వాటన్నిటిలో ఆమెకు బాగా నచ్చింది వేడ్, ఎల్లిస్ అనే ఇద్దరి కథ. మంచు తుఫానులో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఇద్దరూ కలిసి దూడను బయటికి లాగుతారు. ఎల్లిస్ వేళ్లు కొయ్యబారిపోతాయి. వేడ్ తన చేతి తొడుగులు తీసి అతని చేతులకు వేస్తాడు. ఏమీ అనడు. మళ్లీ తాడు పట్టుకుంటాడు. ప్రేమ అన్న మాట అక్కడ ఒక్కసారీ రాదు. ఆమెకు ఏడుపొచ్చిన చోటు మాత్రం అదే.

ఆ కథను షెడ్డులో చెప్పాలనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం లేకపోయింది. ఎల్లిస్‌ను ఆడపిల్లను చేసి ఎలీసమ్మ అని పేరు పెట్టింది. ఒక ఆడపిల్ల పరాయి మగాడి పొలంలో ఎందుకుంటుందని ఎవరైనా అడుగుతారని, వేడ్‌కు మరదల్ని చేసేసింది. వేడ్ పేరు ఎవరి నోటా పలకలేదు. అతను టోపీవోడు అయ్యాడు.

కథ నాలుగు రోజులు బాగానే నడిచింది. తొడుగుల దగ్గర షెడ్డు షెడ్డంతా నిశ్శబ్దమైంది. మేస్త్రీ దుర్గాంబ కూడా తూకం దగ్గర చెయ్యి ఆపి విన్నది. అయిదో రోజు నీలమ్మ అడ్డం పడింది. ఆ వరసలో పెద్దది నీలమ్మే.

"ఒలే విజయా, నాకొకటి అరదం కాదు. ఆ ఎలీసమ్మ ఆడికి మరదలే కదేటి?"

"అవునప్పా."

"మరి మేనరికమే కదా. దొంగతనంగా సూసుకోడం, ఊళ్లో కెల్తే చెరో మూలన నిలబడ్డం ఎందుకు? పుస్తి కట్టీసుకుంటే అయిపోతాది."

"ఆల్ల నాన్నలకి పడదప్పా."

"ఏటొచ్చి?"

"బూమి తగువు."

"ఆ మంచులో ఏటి పండుతాదనే తగువు?"

అందరూ నవ్వారు. విజయకుమారీ నవ్వింది గానీ, మర్నాటి నుంచి ఆ భూమి తగువు కోసం ఒక దుర్మార్గపు మేనమామను పుట్టించాల్సి వచ్చింది. అతని కోసం ఒక కోర్టు కేసు, కేసు కోసం ఒక దొంగసాక్షి. కథ అచ్చం వాళ్లు మానేసిన సీరియల్లా తయారైంది. ఆడవాళ్లు మధ్యలో కూరల మాటల్లోకి జారిపోవడం మొదలుపెట్టారు. చక్కగా కుదిరిన పనిని తన చేత్తో తనే పాడుచేసిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అంతకంటే లోపల పొడిచేది ఇంకొకటుంది. ఆ కథను యువరాజు కూడా వింటున్నాడు.

వేడి గదిలో ఆరిన పప్పును ట్రేలకెత్తి షెడ్డులోకి మోసుకొచ్చేది యువరాజే. విజయకుమారికి మేనత్త కొడుకు. బావామరదళ్లని తెలుసు కాబట్టి, అతను గుమ్మంలో కనబడితే చాలు వరసలు వరసలే వేళాకోళం మొదలుపెడతాయి.

"విజయా, మీ బావొచ్చినాడు. ట్రే అందుకున్నట్టు సెయ్యి అందుకో."

"అందుకోవాల్సిన రోజుల్లో ఒద్దనేసినాది. ఇప్పుడేటి అందుకుంతాది?"

"నాను ఏగిపోయిన జీడిపిక్కనమ్మా," అనేవాడు యువరాజు ట్రే దించుతూ. "నన్నెవులూ ఒలవలేరు."

అతనికి నలభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. తండ్రి కిడ్నీ జబ్బుతో పోయాక తల్లిని చూసుకోవడానికే పెళ్లి మానేశాడని ఊరు మెచ్చుకుంటుంది. అసలు సంగతి విజయకుమారి ఒక్కదానికే తెలుసు. పెద్దవాళ్లు వాళ్లిద్దరికీ ముహూర్తం పెట్టించబోతున్న రోజుల్లో అతను టెక్కలి వచ్చి, బస్టాండులో ఆమె పక్కన కూర్చుని, తన మనసు ఏనాడూ ఆడపిల్ల మీదికి పోలేదని, మగవాళ్ల మీదికే పోతుందని చెప్పాడు. నిన్ను మోసం చెయ్యలేనన్నాడు. ఆమె బస్సు వచ్చే వైపే చూస్తూ, "బావా, ఈ మాట ఇంకెవులికీ సెప్పకు" అంది. ఇంటికి వెళ్లి, ఈ సంబంధం తనకే ఇష్టం లేదని చెప్పి తిట్లు తింది.

బావను కాపాడాననుకుంది. ఏళ్ల తరబడి అలాగే అనుకుంది. ఈ పుస్తకాలు చదవడం మొదలయ్యాకే ఆ నమ్మకం కదిలింది. వాటిలో కూడా అక్కో వదినో ఎవరో ఒకరు, మంచి కోరే, సరిగ్గా ఆ మాటే అంటారు. ఆ తర్వాత పేజీ పేజీకీ ఆ మనిషి ఎలా ముడుచుకుపోతాడో ఆమె చదవాల్సి వచ్చింది. యువరాజు ఆమె మాట ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, మళ్లీ ఆమెతో కూడా ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు అతను ట్రే దించాక కూడా వెంటనే వెళ్లకుండా, గోడకు ఆనుకుని ఎలీసమ్మ కథ వింటున్నాడు. ఒకరోజు ఆటో ఎక్కేచోట అడిగాడు.

"ఆ పుస్తకం నాకూ పంపు, విజీ. ఫోను తెలుగు సేసి సూపెడతాది కదా."

"అది ఫోన్లోంచి పోయినాది బావా."

"పోతే రోజూ ఎక్కడ్నించి సెప్తన్నావు?"

"గుర్తున్నంత మటుకు."

"నీకు గుర్తేటి, సిన్నప్పుడు నాకియ్యాల్సిన జీళ్లు నువ్వే తినీసి, ఇచ్చీసినానని సెప్పినదానివి," అని నవ్వి ఆటో ఎక్కాడు.

పుస్తకం పంపితే తను చేసిన పని బయటపడుతుంది. పంపకపోతే, ఒక మనిషి బతుకు లాంటి కథ తన ఫోన్లో ఉండగా ఆ మనిషి దగ్గరే దాచినట్టవుతుంది. వారం పాటు ఏదో ఒక సాకు చెప్పింది. అతను అడగడం మానేశాక ఇక ఉండలేక, ఒక ఆదివారం పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని పంపేసింది.

తర్వాత కొన్నాళ్లు యువరాజు ట్రే దించి వెంటనే వెళ్లిపోయాడు. వేళాకోళానికి బదులివ్వలేదు. గోడ దగ్గర ఆగలేదు. "మీ బావకి ఏటైందే?" అని రత్నాలమ్మ అడిగితే, "ఒంట్లో బాగోలేదేమో" అంది విజయకుమారి. కథ ఆపేసి, రేపు చెప్తానని తప్పించుకుంటూ వచ్చింది.

ఆ వచ్చే ఆదివారం మేనత్తను చూసే వంకతో వాళ్లింటికి వెళ్లింది. మేనత్త లోపల పడుకుని ఉంది. యువరాజు పెరట్లో కొబ్బరి మట్టలు చీరుతున్నాడు. ఆమె వచ్చి అరుగు మీద కూర్చున్నా కత్తి ఆపలేదు.

"ఎలీసమ్మ నేదు కదే అందులో."

ఆమె అరుగు మీద పడ్డ ఈనెలు ఏరసాగింది.

"ఎందుకు మార్సినావు?"

"ఆల్లకి ఎక్కదని, బావా."

"ఆల్లకా? నీకా?"

యువరాజు ఇంకో మట్ట చీరాడు. అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు మరీ కష్టమైంది. కోప్పడి ఉంటే ఏడ్చి తేలికపడేది.

"ఆ రోజు టెక్కిల్లో నన్ను నోరు మూసుకోమన్నావు. పోన్లే, సిన్నదానివి, బయపడ్డావు అనుకున్నాను. ఇప్పుడు పుస్తకంలో ఉన్నోడిని కూడా ఉంచనియ్యకపోతే ఎలాగే?"

"రేపు సరిగ్గా సెప్పీస్తాను."

"నాకోసమైతే ఒద్దు. కత కోసమైతే సెప్పు. తొడుగుల కాడ బాగా సెప్పినావు. ఆ కోర్టు కేసు మటుకు సండాలంగా ఉంది."

మర్నాడు పప్పు ముందుకు రాగానే విజయకుమారి, తాను ఇన్నాళ్లూ కథ తప్పు చెప్పానని, ఎలీసమ్మ అనే పిల్ల పుస్తకంలో లేదని చెప్పింది. మేనమామ లేడు, కోర్టు లేదు. అది ఎల్లిస్ అనే మగాడు. టోపీవోడు, అతను, ఇద్దరే.

"ఇద్దరు మగోలా?" అంది ఎవరో వెనక వరసలో.

"ఇద్దరు మగోలే."

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. రత్నాలమ్మ ట్రే ఎత్తుకుని, "ఈ వయసులో ఇదెక్కడి ఖర్మమమ్మా" అంటూ అవతలి వరసకు పోయింది. దుర్గాంబ తూకం దగ్గరి నుంచి ఒకసారి చూసి మళ్లీ తల తిప్పుకుంది.  విజయకుమారి చాకు మీద నుంచి కళ్లెత్తకుండా మొదటి నుంచి మొదలుపెట్టింది. కంచె, గుర్రం, దుకాణం.

"అదీ," అంది నీలమ్మ ఉన్నట్టుండి. "ఇప్పుడు కుదిరినాది. దుకాణంలో చెరో మూలనా నిలబడ్డం అందుకన్నమాట. నాకప్పుడే అనుమానం, బూమి తగువుకి అంత బయమేటని."

"నీకిది బాగుందేటప్పా?" అని పక్కనున్నామె అడిగింది.

"బాగుండడం బాగోకపోడం తరవాత. అబద్దం లేకండా ఉంది. సెప్పనీ."

అయినా విజయకుమారి మాట కుదురుకోలేదు. భయానికి తొందర తోడై, దూడ పుట్టిన సంగతి ముందు చెప్పేసి, తుఫాను వెనక్కి నెట్టింది. అప్పుడే యువరాజు ట్రేతో లోపలికి వచ్చాడు. దించాడు. వెళ్లలేదు.

"వరస తప్పినావు," అన్నాడు. "మంచు ముందు పడింది. ఆవు ఈత తరవాత. మంచే పడకపోతే ఆడు తొడుగులు తీసి ఈడికెందుకేత్తాడు?"

షెడ్డులో చాకుల చప్పుడు ఆగిపోయింది.

"నువ్వూ సదివినావేటిరా?" అంది నీలమ్మ.

యువరాజు ఖాళీ ట్రే ఎత్తుకున్నాడు.  లేదను బావా, వినికిడి మాట అను అని విజయకుమారి మనసులో బతిమాలుకుంది. అలా బతిమాలుకుంటున్నానని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సదివినాను," అన్నాడతను. "రెండుసార్లు."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. అవతలి వరస నుంచి రత్నాలమ్మ కూడా చూస్తోంది. ఈ మాట సాయంత్రానికి ఆటోల్లో ఎక్కి ఎన్ని ఊళ్లు పోతుందో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. మేనత్త చెవిన పడేసరికి అది ఏ రూపంలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

"అయితే నువ్వే సెప్పు," అంది నీలమ్మ, చేతిలో పప్పు తిప్పుతూ. "ఇది ముందూ ఎనకా సేసేసి నాశనం సేత్తన్నాది."

దుర్గాంబ వద్దనలేదు. యువరాజు ట్రే కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. మంచు ఎటు నుంచి వచ్చిందో, ఆవు ఎక్కడ పడిపోయిందో, తాడు ఎవరి చేతిలో ఉందో మెల్లగా, తొందర లేకుండా చెప్పుకుంటూ పోయాడు. ఒక్కొక్క చాకే మళ్లీ కదలడం మొదలైంది. అతను ఇంత బాగా చెప్పగలడని విజయకుమారికి ఇన్నేళ్లలో తెలియదు. తెలిసే అవకాశం తనే లేకుండా చేసింది. అందరి చూపూ పప్పు మీద, చెవులు అతని మీద ఉన్నాయి. ఆమె మాత్రం తల ఎత్తి అతని ముఖం చూడలేక, ట్రేలో మిగిలిన పొట్టును అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.