మొగిలి చెప్పిన సేనాపతి

గోదావరిఖనిలోని ఒక గని మీద, ల్యాంపు రూములో, ఒక కుర్చీ ఉండేది. మొగిలి దానికి చేసినంత సేవ ఏ దేవుడికి చేసినా, ఆ దేవుడు ఈపాటికి సిగ్గుపడైనా ప్రత్యక్షమయ్యేవాడు. పొద్దున్నే వచ్చి భుజం మీది తువ్వాలతో తుడిచేవాడు. చేతుల మీద, వీపు మీద, ఆఖరికి కాళ్ల సందుల్లో పేరుకున్న బొగ్గుపొడి కూడా దులిపేవాడు. దులిపి, పక్కనున్న ఇనుప స్టూలు మీద కూర్చునేవాడు. కుర్చీలో మాత్రం ఏనాడూ కూర్చోలేదు.

ఆ కుర్చీ ల్యాంపు రూం ఇన్‌ఛార్జిది. పాత ఇన్‌ఛార్జి లింగమూర్తి రిటైరయ్యాడు. అప్పటికి మొగిలి జనరల్ మజ్దూరు, అంటే ఏ పని చెబితే అది చేసే కూలీ. ఇంజనీరు రాంప్రసాద్ గారు అతని భుజం తట్టి, "ప్రస్తుతానికి యాక్టింగ్‌గా నువ్వే చూసుకోవయ్యా మొగిలీ. ఆర్డరు కూడా నీకే ఇప్పిస్తాను, నా మాట నమ్ము" అన్నారు. యాక్టింగ్ అంటే పని పై పోస్టుది, పేరు కింది పోస్టుది. మొగిలి నమ్మాడు. అప్పుడు అతని కూతురు దీప పలక మీద అక్షరాలు దిద్దుతోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. రాంప్రసాద్ గారి మాట మాత్రం ఇంకా దిద్దుబాటులోనే ఉంది.

గని దిగే ప్రతివాడి టోపీకీ లైటు ఇచ్చేది మొగిలే. చచ్చిన బ్యాటరీని కూడా మొగిలి నాలుగు తిట్లు తిడితే లేచి కూర్చుంటుందని షిఫ్టు షిఫ్టంతా చెప్పుకునేవారు. అందులో సగమైనా నిజం ఉండాలి, ఎందుకంటే అతని చేతి మీదుగా వెళ్లిన లైటు లోపల ఆరిపోయిందని ఎవరూ గొడవకు రాలేదు. అందరూ ఆటపట్టించేది ఒక్క కుర్చీ గురించే.

"ఏందే మొగిలన్నా, గా కుర్చీకి పెండ్లి జేస్తవా ఏంది, గంత ముస్తాబు?"

"ఆర్డర్ రానియ్ రా. వచ్చిన్నాడు అందరికి మిఠాయి పెట్టి కూసుంట."

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం దీప బడి నుంచి వచ్చి, సంచీ మంచం మీద పడేసింది. సోషల్ చెప్పే ప్రసూన టీచరు ఒక పని పెట్టింది. ప్రతి ఒక్కరూ చరిత్రలో ఒక సేనాపతిని ఎంచుకుని, చదివి, తల్లిదండ్రుల మీటింగు రోజున అందరి ముందూ ఆయన ఎందుకు గొప్పవాడో చెప్పాలి.

"బాపూ, క్లాసుల సగం మంది శివాజీ అంటున్నరు, మిగిలినోళ్లు నెపోలియన్. ఎవ్వలు పట్టనోడు ఒక్కడు గావాలె. జెప్పు."

మొగిలి ముఖం వెలిగిపోయింది. ఒకసారి గని యూనియన్ వాళ్లు బస్సు మాట్లాడి రామప్ప గుడికి తీసుకెళ్లారు. అక్కడ గైడు చెప్పిన కథ అతని గుండెలో అప్పటి నుంచీ కాపురం చేస్తోంది.

"రేచర్ల రుద్రుడని ఉండె బిడ్డా, రామప్ప గుడి కట్టినాయన. కాకతీయ రాజు యుద్ధంల చచ్చిపాయె. చిన్న రాజు గణపతిదేవుణ్ని దేవగిరోళ్లు పట్టుకపాయిరి. ఇగ రాజ్యానికి దిక్కెవ్వలు? గీ రుద్రుడే. ఎదురు తిరిగినోళ్లనందర్ని అణిచి, రాజ్యం చెదిరిపోకుంట కాపాడిండు. గణపతిదేవుడు విడుదలై వచ్చిండు. తీస్కో నాయనా నీ రాజ్యం, అని ఇచ్చిండు."

"అంటే యాక్టింగ్ రాజన్నట్టు" అంది దీప.

"గదే!" తొడ చరిచాడు మొగిలి. ఆ ఊపులో గైడు చెప్పనివి కూడా చెప్పేశాడు. "రాజు లేనన్ని దినాలు గద్దె మీద కూసోలేదట. రోజు పొద్దుగాల తనే తుడిచి, పక్కన పీట ఏసుకొని కూసునేదట."

పొయ్యి దగ్గర నుంచి అతని భార్య అనసూర్య గొంతు వచ్చింది. "గా పీట ఇనుప స్టూలేనా? గద్దె తుడిచిన తువ్వాల మన దండెం మీద లేదు గదా?"

దీప పడీ పడీ నవ్వింది. నవ్వినా రుద్రుణ్నే ఎంచుకుంది. అద్దం ముందు నిలబడి, "ఆశలేని సేనాపతి" అంటూ సాధన మొదలుపెట్టింది. మొగిలి డ్యూటీ నుంచి రాగానే ముందు ఆ ఉపన్యాసం వినేవాడు, తర్వాత స్నానం. ఆర్డరు చేతికి వచ్చినా అంత సంబరపడేవాడు కాదేమో. తాను బతికిన తీరు గొప్పదని తన బిడ్డ నలుగురి ముందూ చెప్పబోతోంది మరి.

మీటింగు రెండు మూడు రోజులుందనగా ఆర్డరు వచ్చింది. మందమర్రి గని నుంచి బదిలీ అయిన పృథ్వీరాజ్ అనే కుర్రాడి పేరు మీద వచ్చింది.

"ఏం చేస్తామయ్యా, పైనుంచి వచ్చింది" అన్నారు రాంప్రసాద్ గారు, ఫోను చూసుకుంటూ. "నువ్వు పెద్ద మనసున్నోడివి. కుర్రాడికి కాస్త పని నేర్పు."

మొగిలి కుర్చీ తుడిచి పక్కకు జరిగాడు. పృథ్వీరాజ్ కూర్చుని, ఒకసారి అటూ ఇటూ ఊగి చూశాడు.

"కుర్చి కొత్తదా కాకా? ఒక్క గీత లేదు. జర చాయ్ చెప్పవా?"

మొగిలి చాయ్ చెప్పడానికి వెళ్లాడు.

ఇంట్లో అతను ఏమీ చెప్పలేదు. కాలనీలో ఆ పని చేసిపెట్టడానికి చాలామంది ఉన్నారు. మర్నాడు సాయంత్రం దీప అద్దం ముందుకు వెళ్లలేదు. వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"బాపూ, రాజ్యం ఇచ్చేసినంక రుద్రుడు ఏం జేసిండు?"

"గుడి కట్టిండు గదా బిడ్డా."

"మరి నువ్వేం కడ్తవ్?"

మొగిలి తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి లేచాడు.

మీటింగు రోజు మొగిలి ఉతికిన చొక్కా వేసుకుని, చివరి బెంచీ వెనక నిలబడ్డాడు. దీప వంతు వచ్చింది.

"నేను ఎంచుకున్న సేనాపతి సాళువ నరసింహుడు" అంది దీప.

ప్రసూన టీచరు తలెత్తింది. "అదేంటమ్మా, రేచర్ల రుద్రుడన్నావుగా?"

"ఆయన యాక్టింగ్, టీచర్."

గది గొల్లుమంది. అందరూ గని మనుషులే, అందరికీ తెలిసిన మాటే. టీచరుకు మాత్రం అర్థం కాలేదు. మొగిలి కూడా నవ్వాడు. నలుగురూ నవ్వుతుంటే తానొక్కడూ ఊరకుంటే బాగుండదని నవ్వాడు.

దీప తడుముకోకుండా చెప్పుకుపోయింది. విజయనగరంలో రాజు చేతకానివాడైతే, సామ్రాజ్యాన్ని మోస్తున్న నరసింహుడు ఎవరి ఆర్డరు కోసమూ చూడలేదు. గద్దె ఎక్కాడు. "మోసినవాడే కూర్చోవాలి. తుడిచి ఊరకుంటే ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడు." ఆ మాట పుస్తకంలో లేదు. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చున్న దీప తండ్రి భుజం మీదుగా ముందుకు వంగింది.

"కోపమొచ్చిందా బాపూ?"

"ఎందుకు బిడ్డా? మంచిగ జెప్పినవ్. గాయినెవలో, నర్సింహుడు... మంచిగనే కూసున్నడు."

"నువ్వు ఒక్కసారన్న కూసోవద్దా? నీదే ఉండె గదా గన్ని ఏండ్లు."

మర్నాడు మొగిలి గనికి అందరికంటే ముందు చేరాడు. ల్యాంపు రూములో ఎవరూ లేరు. వరసలుగా వేలాడుతున్న లైట్లన్నీ అతన్నే చూస్తున్నట్టున్నాయి. ఒక్కసారి కూర్చుంటే చాలు. సాయంత్రం బిడ్డకు చెప్పుకోవచ్చు. కుర్చీ ముందు నిలబడ్డాడు. దాని మీద రాత్రి షిఫ్టు దుమ్ము పల్చగా పరుచుకుని ఉంది. దుమ్ములో కూర్చుంటే ఏం బాగుంటుంది? భుజం మీది తువ్వాల తీశాడు. చేతులు తుడిచాడు, వీపు తుడిచాడు. కాళ్ల సందుల్లో తుడుస్తుండగా తలుపు చప్పుడైంది.

"అరె, థాంక్స్ కాకా" అని పృథ్వీరాజ్ వచ్చి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం దీప గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"కూసున్నవా బాపూ?"

"ఆఁ, కూసున్న."

"ఎట్లున్నది?"

మొగిలి తువ్వాల తీసి దండెం మీద వేశాడు. నల్లగా ఉన్న వైపు గోడకు తిప్పాడు.

"ఏముంటది బిడ్డా, మామూలు కుర్చే" అన్నాడు.