తడి తగలని గది

మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కరెంటు పోయినా యంత్రాలు ఆగేవి కావు. కింది గదిలోని బ్యాటరీలు వాటిని నడిపేవి. ఆగిపోయేవి పంకాలే. ఆ ఎండాకాలం కరెంటు కొరత అని చెప్పి రోజూ మధ్యాహ్నం నాలుగు గంటలపాటు తీసేసేవాళ్ళు. ఫోన్లను కలిపే వందల స్విచ్చులు టకటకమంటూనే ఉండేవి, యంత్రాల గది పొయ్యిలా కాగేది.

నేను కొత్త మెకానిక్‌ని. లాల్‌దర్వాజాలో అద్దె గదిలో ఉండేవాణ్ని. నాకు పని నేర్పింది పెద్ద మెకానిక్, అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. వట్టివేళ్ళ చాపలు కట్టి తడుపుదామని నేనంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఉడికితే జరంత సతాయిస్తది, గంతే. తడి తగిలితే మొత్తం ఖరాబైతది. నీళ్లు లోపలికి తేకు, సమజైందా?"

అందుకని ఇద్దరం చెరో అట్ట పట్టుకుని విసిరేవాళ్ళం. చేతులు పడిపోయేవి తప్ప గది చల్లబడేది కాదు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు వెళ్ళాడు. థర్మామీటరు ఎన్నడూ లేనంత పైకి పాకింది. కొన్ని స్విచ్చులు కదలక మొరాయించాయి. గోనెసంచులు తడిపి గుమ్మానికి కట్టాను, నేల మీద రెండు బకెట్ల నీళ్లు చల్లాను. కాసేపు హాయిగా అనిపించింది. తర్వాత స్విచ్చుల వరుస ఒకటి మొత్తం మూగబోయింది.

భాయ్ వచ్చి నేల చూశాడు. తిట్టలేదు. సంచులు లాగి పారేసి, రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడే మా గల్లీలో ఉండే ఒకావిడ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, మా ఆయనకు గుండెల నొస్తుంది. షావుకారి దుకాణంల ఫోను ఎంత తిప్పినా డాక్టరుకు పోతలేదు. ఏందన్నా గిది?"

భాయ్ నా వైపు తిరిగాడు. "నువ్వు రిక్షా కట్టుకొని డాక్టరు దగ్గరికి ఉరుకు. అమ్మా, నువ్వు ఇంటికి పో, ఆయన దగ్గర ఉండు," అన్నాడు ఆవిడతో.

డాక్టరును తీసుకుని నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "ముందు వచ్చి ఉంటే బతికేవాడో లేదో చెప్పలేను," అన్నాడు డాక్టరు. ఆ మాట నన్ను ఎటూ తేల్చకుండా వదిలేసింది.

మర్నాడు అధికారి అడిగితే, వేడికి చెడిపోయాయని భాయ్ చెప్పాడు. డ్యూటీ వదిలి నమాజుకు పోయావని ఆయన్నే దూరపు తాలూకాకు బదిలీ చేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"ఫికర్ చెయ్యకు. పనికి కొత్తోనివి, నిజం చెప్తే నీ నౌకరి పోతది," అన్నాడు వెళ్ళేముందు. నా ముఖం మాత్రం చూడలేదు.

కరెంటు కోతలు ఆగలేదు. చెడిన వరుస సగమే బాగైంది. ఆవిడ గల్లీలో కనిపించినప్పుడల్లా ఆగేది.

"మా ఆయన కోసం మస్తు ఉరికినవ్ అన్నా," అనేది, పక్కవాళ్ళకు కూడా చెప్పేది.

నేను తలూపేవాణ్ని. ఆ ఏడాదే అద్దె గది ఖాళీ చేసి కిషన్‌బాగ్‌కు మారిపోయాను.