కురచైపోయిన భద్రాచలం రోడ్డు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానాకాలంలో జరిగిన సంగతి ఇది. అప్పట్లో ఖమ్మంలో మా శాఖ వాహనాల విభాగానికి ఇంజనీరుగా ఉన్నాను. హోదా పెద్దదే. చేతి కింద ఇద్దరు మెకానిక్కులు, తల మీద ఒక రేకుల కప్పు. రిపేర్లన్నీ బయటి కాంట్రాక్టు వర్క్‌షాపు చేసేది. అవి బాగా చేశారని సంతకం పెట్టడం నా ఉద్యోగం.

భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రం అంబులెన్సు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఫిర్యాదు బండి మీద కాదు, డ్రైవరు బానోతు రాములు మీద. లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ లెక్కను మేము ఆవరేజ్ అంటాం. కొన్ని నెలలుగా అది ఘోరంగా పడిపోయింది. కాబట్టి రాములు డీజిలు అమ్ముకుంటున్నాడని మా పరిపాలనాధికారి తేల్చారు. అతన్ని ముందే సస్పెండ్ చేసేశారు. తర్వాత విచారణ కమిటీ కూర్చుంది, టీ తాగింది, లేచింది. సాంకేతిక నిపుణుడి సంతకం ఒక్కటే తక్కువైతే, అప్పుడు నేను గుర్తొచ్చాను.

ఫైలు తిరగేశాను. రాములు వెళ్లే ఊళ్లు మారలేదు. దారి మారలేదు. కానీ బండి మీటరు ప్రకారం ఆ కేంద్రం నుంచి భద్రాచలానికి దూరం నెలనెలా తగ్గిపోతోంది. రోడ్డు కురచైపోవడం కమిటీలో ఎవరికీ వింతగా తోచలేదు. రాములు దొంగ కావడం మాత్రం చాలా సహజంగా తోచింది.

బండి ఎక్కి చూడందే సంతకం పెట్టనన్నాను. నడిపేది కూడా రాములే కావాలన్నాను. అధికారి కుర్చీలో వెనక్కి వాలి, "దొంగ చేతికే తాళాలిస్తారా ఇంజనీరు గారూ? అయితే నేనూ వస్తాను, డీజిలుకు కాపలాగా" అన్నారు. ఆ మాటకు తనే నవ్వుకున్నారు.

ఆ రోజు ఆరోగ్య కేంద్రం దగ్గర, టీకాల పెట్టెతో ఊళ్లకు బయల్దేరిన నర్సు సరోజన కూడా మాతో ఎక్కింది. ముందు సీట్లో కూర్చోగానే మీటర్ల పలకపై ఒక మూల నల్లటి టేపు ముక్క కనిపించింది. గోటితో గీకి తీశాను. కింద ఇంజను హెచ్చరిక దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది.

"ఇదెవరు అంటించారు?" అని అడిగాను.

"వర్క్‌షాపోళ్లే సారూ. లైటు ఆర్తలేదంటే గట్ల అంటిచ్చి, రిపేరు అయిందన్నరు" అన్నాడు రాములు.

ఆ రిపేరుకు బిల్లు కూడా పాసైంది.

అడవి దారిలో బండి చక్కగానే పరిగెత్తింది. పరిగెత్తనిది వేగం చూపే ముల్లు. రెండు పక్కలా టేకు చెట్లు వెనక్కి పోతుంటే ముల్లు సున్నా మీద పడుకుంది. కాసేపటికి ఉలిక్కిపడి లేచింది, మళ్లీ పడుకుంది. అది పడుకున్నంతసేపూ కిలోమీటర్ల అంకె కదల్లేదు. డీజిలు మాత్రం మామూలుగానే ఖర్చవుతోంది.

వాగు మీది లోలెవల్ వంతెన వచ్చింది. నీళ్లు పైనుంచి పలుచగా పారుతున్నాయి. రాములు క్లచ్ తొక్కి వేగం తగ్గించాడు. సరిగ్గా మధ్యలో ఇంజను ఆగిపోయింది. వెనక సీట్లో అధికారి కాళ్లు పైకి పెట్టుకుని, "కావాలనే ఆపాడు! చూశారుగా!" అని అరిచారు.

సరోజన నింపాదిగా అంది. "మాకిది రోజూ ఉన్నదే సార్. రాములన్న సస్పెండు గాకముందు నొప్పులు పడుతున్న ఒక పిల్లను గీడ్నే దించి, నేనూ రాములన్నా చెరో పక్క పట్టుకొని ఆ ఒడ్డుకు నడిపిచ్చినం."

"మరి పైకి చెప్పలేదా?"

"చెప్పినం సార్. డ్రైవరు డీజిలు మిగుల్చుకోనికి ఇంజను బంద్ చేస్తుండని రాసుకున్నరంట."

రాములు మూడోసారి తాళం తిప్పితే ఇంజను అందుకుంది.

అవతలి ఒడ్డున గట్టి నేల మీద బండి ఆపించి కిందికి దూరాను. గేరుబాక్సు చివర బొటనవేలంత స్పీడ్ సెన్సర్ ఉంటుంది. లోపల ఒక పళ్ల చక్రం తిరుగుతుంటే, పన్ను పన్నుకూ అది ఒక విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతాలను లెక్కపెట్టే మీటరు వేగాన్నీ దూరాన్నీ చూపిస్తుంది. వాటిని బట్టే ఇంజను కంప్యూటరు, బండి నెమ్మదిస్తున్నప్పుడు ఇంజను ఆగిపోకుండా ఇంధనం సర్దుతుంది. సంకేతం రాకపోతే దాని దృష్టిలో బండి నిలబడే ఉంది.

సెన్సర్ బాగానే ఉంది. దాని వైరును మధ్యలో కోసి, ఇంకో వైరు కలిపి, చేత్తో మెలేసి టేపు చుట్టారు. వాగు నీళ్లకు రాగి పచ్చబడి పొడిపొడిగా రాలింది. ఆ రెండో వైరు వెంట పోతే, సీటు కింద నల్ల డబ్బా దొరికింది. డ్రైవర్లు డీజిలు దొంగిలించకుండా మా శాఖ బిగించిన ట్రాకర్ అది. దాని లెక్కలనైనా చూశారా అని అధికారిని అడిగాను. చందా అయిపోయిందనీ, రెన్యువల్ ఫైలు నడుస్తోందనీ చెప్పారు.

వైరు శుభ్రం చేసి టంకం వేశాను. తిరుగు ప్రయాణంలో ముల్లు నిద్రపోలేదు, వంతెన మీద ఇంజను ఆగలేదు. అధికారీ మాట్లాడలేదు.

ఖమ్మం వచ్చాక మాత్రం ఆయనకు మాట వచ్చింది. "సాంకేతిక లోపం గమనించడమైనది" అని ఒక్క ముక్క రాస్తే చాలన్నారు. దొంగతనం జరగలేదనీ, నొప్పులు పడే మనిషి వాగులో నడవాల్సి వచ్చింది డ్రైవరు వల్ల కాదనీ కూడా రాస్తానన్నాను. అది సాంకేతిక విషయం కాదన్నారు. అలాగైతే సంతకం కూడా సాంకేతికం కాదని కలం జేబులో పెట్టుకున్నాను. వారం తర్వాత, నేను రాసింది రాసినట్టుగా ఫైలు కదిలింది.

రాములు సస్పెన్షన్ రద్దు ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చి, ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "తెలుగుల రాసియ్యుండ్రి సారూ. మా తండాల నీళ్లకాడ నా పెండ్లాన్ని డీజిలోడి పెండ్లామంటున్నరు. అందరి ముందర సదివిపిస్త" అన్నాడు. రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆ ముద్ర వేసే అధికారం నాకు లేదు. ఎవరూ అడగలేదు.

ఆవరేజ్ పడిపోయిందంటే డీజిలు ఎక్కువ పోయి ఉండాలి, లేదా కిలోమీటర్లు తక్కువ నమోదై ఉండాలి. మొదటిది తేల్చాలంటే ఒక మనిషిని దొంగ అనాలి. రెండోది తేల్చాలంటే బండి కింద పడుకోవాలి. ముందు బండి కిందే పడుకోవాలని ఆ వానాకాలం నేర్చుకున్నాను.